వస పోయకపోయినా మాటలు వస్తాయి

గలగలా మాట్లాడే పిల్లని చూస్తే "దీనికి చిన్నప్పుడు వస బాగా పోసినట్టున్నారు" అంటారు. వసపిట్ట అని పేరు కూడా పెట్టేస్తారు. విశాఖ పూర్ణా మార్కెట్ వైపు మూలికలు అమ్మే కొట్లలో వస కొమ్ము అడిగి మరీ కొనుక్కెళ్లే అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. కొమ్ముని కాల్చి, సానరాయి మీద తేనెతోనో తల్లిపాలతోనో అరగదీసి, పసిబిడ్డ నాలిక మీద రాస్తే మాటలు త్వరగా, స్పష్టంగా వస్తాయని నమ్మకం. వస మంచిచెడ్డలు తర్వాత చూద్దాం. ఆ నమ్మకం వెనకున్న ఊహ ముందు చూడాలి. మాటని బయటి నుంచి తెచ్చి బిడ్డ నోట్లో పెట్టాలన్నది ఆ ఊహ. ఎనిమిది నెలల పాపకి ఫ్లాష్ కార్డులు కొనే ఎంవీపీ కాలనీ తల్లిదండ్రులదీ అదే ఊహ, కాకపోతే కొనే కొట్టు వేరు. నిజానికి బిడ్డ తన పని తాను ఎప్పుడో మొదలుపెట్టేసి ఉంటుంది.

పుట్టకముందే మొదలుపెడుతుంది. కడుపులో చివరి మూడు నెలల్లో బిడ్డకి శబ్దాలు వినపడతాయి. అక్షరాలు స్పష్టంగా చేరవు గానీ గొంతులోని ఎత్తుపల్లాలు, లయ చేరతాయి. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలకి ఒక పాలపీక ఇచ్చి, దాన్ని చప్పరించే తీరుని బట్టి అమ్మ గొంతో, మరో ఆవిడ గొంతో వినపడేలా ఏర్పాటు చేశారు. పిల్లలు అమ్మ గొంతు వినపడేటట్టు చప్పరించడం నేర్చేసుకున్నారు. 2009లో ఫ్రెంచి, జర్మన్ పసికందుల ఏడుపులని పోల్చి చూస్తే ఫ్రెంచి పిల్లల ఏడుపు కింద నుంచి పైకి లేస్తోంది, జర్మన్ పిల్లలది పై నుంచి కిందకి దిగుతోంది. ఆ రెండు భాషల నడక కూడా అలాంటిదే. ఏడుపుకీ యాస ఉందన్నమాట.

ఊరెళ్తున్న తాతని గుమ్మం దాకా సాగనంపుతూ చంకలో పాపతో "తాతకి టాటా చెప్పు" అంటారు. ఈ రెండు మాటల్లో తేడా అంతా నాలిక కొస పళ్లకి తగలడంలో, లేదా వెనక్కి మడత పడి అంగిటికి తగలడంలో ఉంది. తెలుగు చెవికి ఇందులో కష్టమేమీ లేదు. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగిన పెద్దవాళ్లకి మాత్రం రెండూ దాదాపు ఒకేలా వినపడతాయి. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ హిందీలో ఉన్న ఈ త-ట తేడానే ఇంగ్లీషు ఇళ్ల పసిపిల్లలకి వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు సులువుగా పట్టేశారు. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. అంటే, పుట్టినప్పుడు చెవి ఎన్నో భాషలకి తెరిచే ఉంటుంది. ఏడాది నిండేలోపు ఇంట్లో పనికొచ్చే తేడాలు ఉంచుకుని, పనికిరానివి పక్కన పెట్టేస్తుంది. మల్కాపురం దగ్గర నేవీ క్వార్టర్స్‌లో హిందీ ఇంట్లో పుట్టిన బిడ్డకి క-ఖ తేడా రోజూ అవసరం. నాలుగు వీధుల అవతల ఖర్చుని 'కర్చు' అనే తెలుగింటి బిడ్డకి దాంతో అంత పని ఉండదు. ఒకే ఊరు, ఒకే గాలి, రెండు రకాల చెవులు.

చెవి ఇంత చురుగ్గా ఉన్నా నోరు వెనకబడే ఉంటుంది. రెండు మూడు నెలలకి ఉంగాలు, ఆరేడు నెలలకి 'బబబ', 'మమమ', 'దదద'. పెదాలూ నాలిక కొసా చేసే పనులు ముందు కుదురుతాయి. ఇక్కడ తెలుగు చుట్టరికాల పేర్లు ఒక్కసారి వరసగా అనుకోండి: అమ్మ, నాన్న, తాత, అత్త, మామ, అక్క, అన్న. ఒక్కదానిలోనూ ర లేదు, స లేదు, సంయుక్తాక్షరం లేదు. పసినోటికి చేతనైన శబ్దాలనే పెద్దవాళ్లు చుట్టాలకి పేర్లుగా పంచేసుకున్నారు. ప్రపంచ భాషల్లో ఈ పోలిక ఎందుకుందో భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960లో వివరించాడు. 'మమమ' అన్న బిడ్డ అమ్మనే పిలుస్తోందని ఏమీ లేదు. జార్జియా దేశపు భాషలో 'మామ' అంటే నాన్న, మనకి మేనమామ. బిడ్డ శబ్దం చేసింది, పక్కనున్న మనిషి ఆ పిలుపు తనదే అనుకున్నాడు.

ర, సంయుక్తాక్షరాలు చాలామంది పిల్లలకి ఆలస్యంగా పలుకుతాయి. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ 'ములీ మిచ్చల్' అవుతుంది, పుస్తకం 'పుత్తకం', కుర్చీ 'కుచ్చీ' అవుతాయి. దీన్ని చూసి బిడ్డకి సరిగా వినపడలేదేమో అనుకుంటారు. అలా అనుకోనక్కర్లేదని ఒక చిన్న పరీక్ష చెబుతుంది. చేపని 'తేప' అనే పిల్లతో "ఏదీ, తేప ఎక్కడుంది?" అనండి. కోపం వస్తుంది. "తేప కాదు, తేప!" అంటుంది. ఇంగ్లీషు పిల్లల విషయంలో కూడా ఇదే సంగతిని జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ 1960లో రాశారు. వాళ్లు చూసిన ఒక పిల్లవాడు చేపని కూడా తప్పుగానే అనేవాడు, పెద్దవాళ్లు అదే తప్పుతో అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. లోపల మాట సరిగానే ఉంది, బయటికి వచ్చే దారే ఇంకా ఇరుకు.

వినపడే మాటల మధ్య ఖాళీలు ఉండవన్నది పెద్దవాళ్లు మర్చిపోయే సంగతి. "బుజ్జికన్నాఎక్కడికెల్లిపోతన్నావే" అని ఒకే ఊపులో వచ్చిపడే ప్రవాహంలో ఒక మాట ఎక్కడ ఆగింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది? 1996లో జెన్నీ సాఫ్రన్ బృందం ఎనిమిది నెలల పిల్లలకి అర్థంలేని అక్షరాల వరసని ఆపకుండా రెండు నిమిషాలు వినిపించింది. ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం తరచుగా వస్తోందో ఆ కాస్త సమయంలోనే పిల్లలు పసిగట్టారు. మన ఇంట్లో అయితే 'బు' తర్వాత 'జ్జి' వచ్చే అవకాశం చాలా ఎక్కువ, 'జ్జి' తర్వాత ఏదైనా రావచ్చు. మాట అక్కడ తెగింది. నోట్లో పళ్లన్నీ రాకముందే లెక్కలు నడుస్తున్నాయి.

అర్థం సంగతి ఇంతకంటే చిక్కు. ఉదాహరణకి అమ్మ. తేలికైన మాటలా కనపడుతుంది. తెలుగింట్లో బిడ్డ చెవితో విని చూడండి. బిడ్డకి అన్నం పెట్టే ఆవిడ అమ్మ. ఆ అమ్మ ఫోన్లో "అమ్మా, ఎలా ఉన్నావు?" అని ఇంకెవరినో అంటుంది. బిడ్డనే "దా అమ్మా, బువ్వ తిందాం" అంటుంది. మగపిల్లాడైతే "నాన్నా, ఏడవకు నాన్నా" అంటుంది. ఇంట్లో పని చేయడానికి వచ్చే ఆవిడ కూడా అమ్మే, దెబ్బ తగిలితే నోటెంట వచ్చేదీ అమ్మే. ఇక నాన్న అనే ఆ ఒక్క మనిషిని నానమ్మ పేరు పెట్టి పిలుస్తుంది, మేనత్త అన్నయ్యా అంటుంది, పిన్ని బావా అంటుంది, అమ్మ ఏవండీ అంటుంది. కొన్నాళ్లు బిడ్డ కూడా "ఏవండీ" అని పిలిచి ఇంటిల్లిపాదినీ నవ్విస్తుంది. కొన్ని ఇళ్లలో బావా అన్న పిలుపే పిల్లలకీ ఉండిపోతుంది. ఇంత గందరగోళంలోంచి ఎవరు ఎవరిని ఏమంటారన్నది రెండు మూడేళ్లలో తేల్చుకోవడం ఏ ఫ్లాష్ కార్డూ నేర్పగలిగే పని కాదు. మాట అంటే వస్తువు మీద అతికించిన చీటీ కాదని, అనే మనిషిని బట్టి, వినే మనిషిని బట్టి మారుతుందని బిడ్డకి మొదటి పాఠంలోనే అర్థమవ్వాలి. నువ్వు-నేను దగ్గర తడబాటు కూడా ఇలాంటిదే. "నీకు పాలు కావాలా?" అని రోజూ వినే పిల్ల "నీకు పాలు కావాలి" అంటూ తన గ్లాసు చాపుతుంది. పెద్దవాళ్లు కూడా ఈ చిక్కు తప్పించడానికి "పాప పాలు తాగుతుందా?" అని పేరుతోనే నడిపిస్తారు.

మొదట్లో ఒక మాటకి విస్తీర్ణం ఎక్కువ. తెల్ల జుట్టున్న ప్రతి మగమనిషీ తాత, నాలుగు కాళ్లున్న ప్రతిదీ బౌబౌ, ముడసర్లోవ రిజర్వాయరు కూడా సముద్రమే. మెల్లగా హద్దులు పడతాయి.

అసలు అబ్బురపరిచేది వ్యాకరణం. మూడేళ్ల పిల్ల బ్రష్ పట్టుకుని వచ్చి "పన్నులు తోముకున్నా" అంటుంది. ఆదాయప్పన్ను కట్టే నాన్నకి నవ్వొస్తుంది. ఈ 'పన్నులు' అనే మాటని పళ్ల అర్థంలో ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఒకటైతే పన్ను, ఎక్కువైతే పళ్లు అనే అందరూ అంటారు. మరి పిల్లకి ఎక్కడిది? బంతి-బంతులు, బొమ్మ-బొమ్మలు చూసి, చివర 'లు' చేరిస్తే ఎక్కువన్న సూత్రాన్ని తనకి తానే తయారుచేసుకుంది. ఎవరూ చెప్పని సూత్రాన్ని ఎవరూ వాడని చోట వాడింది. కళ్లులు, గోరులు, కాలులు ఈ బాపతువే. ఇలాంటి తప్పు, పిల్లలు విన్నది విన్నట్టు చిలకపలుకులు పలకరనడానికి మంచి సాక్ష్యం. 1958లో జీన్ బెర్కో ఊహాజీవి బొమ్మ ఒకటి చూపించి, ఎప్పుడూ వినని పేరు చెప్పి, రెండో బొమ్మ పెట్టి "ఇప్పుడు ఇవి రెండు..." అని ఆపేది. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది బహువచనం సరిగా చేర్చారు. మనింట్లోనూ చేసి చూడవచ్చు. "ఇది టిబుకు" అని ఒక బొమ్మ చూపిస్తే, రెండు పెట్టాక 'టిబుకులు' రాకుండా ఉండదు.

ఈ విషయంలో తెలుగు పిల్లలకి ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో 'లో', 'మీద' లాంటివి మాటకి ముందు వస్తాయి, మనకి చివర. డాన్ స్లోబిన్ 1973లో ఎన్నో భాషల పిల్లల్ని పోల్చి, మాటల చివరల మీద పిల్లల దృష్టి ఎక్కువ నిలుస్తుందన్నాడు. ఆయన చూపిన ఆధారాల్లో ముచ్చటైనది యుగోస్లావియాలో ఒకేసారి హంగేరియన్, సెర్బో-క్రొయేషియన్ నేర్చుకుంటున్న పిల్లలది. ఎక్కడ, దేనిలో అన్న సంగతిని హంగేరియన్ మాట చివర ప్రత్యయంతో చెబుతుంది, ఇంకో భాష ప్రధానంగా ముందొచ్చే మాటతో. ఒకే పిల్లలు, ఒకే బుర్ర. హంగేరియన్‌లో ముందు కుదిరింది, రెండోది ఆలస్యమైంది. తెలుగు హంగేరియన్ లాంటిదే. 'అమ్మకి', 'డబ్బాలో', 'తాతతో' అన్నవి మన పిల్లల నోట తొందరగా వినపడటంలో వింత లేదు.

ఇక దిద్దడం సంగతి. పెద్దవాళ్లు దిద్దితేనే పిల్లలకి భాష వస్తుందని అందరూ అనుకుంటారు. 1970లో రోజర్ బ్రౌన్, కమీల్ హాన్లన్ రికార్డు చేసిన సంభాషణలు పరిశీలిస్తే తేలింది వేరు. అమ్మానాన్నలు వ్యాకరణాన్ని పెద్దగా దిద్దరు, నిజమా కాదా అన్నదే దిద్దుతారు. తప్పుల తడకగా అయినా నిజం చెబితే "అవును కదూ" అంటారు, చక్కటి వాక్యంలో తప్పు సంగతి చెబితే "కాదు" అంటారు. తెలుగింట్లో దీనికి ఒక చేర్పు అవసరం. మనవాళ్లు దిద్దేది ఒకటుంది, మర్యాద. "పన్నులు" అంటే ముద్దు పెట్టుకుంటారు. "తాతగారూ, నువ్వు రా" అంటే మాత్రం "అలా అనకూడదు, మీరు రండి అనాలి" అని వెంటనే అందుకుంటారు. "నాన్న వచ్చాడు" అంటే కొన్ని ఇళ్లలో కనుబొమ్మలు లేస్తాయి, జాలరిపేటలోనో కంచరపాలెంలోనో చాలా ఇళ్లలో అది మామూలు మాట. చిత్రమేమిటంటే, ఇంత పట్టుబట్టి దిద్దిన మర్యాదే బడికెళ్లే వయసు దాకా తడబడుతూ ఉంటుంది. ఎవరూ పట్టించుకోని విభక్తులు మూడేళ్లకే చక్కబడతాయి. దిద్దుబాటుకి ఉన్న బలం ఎంతో దీన్ని బట్టి అంచనా వేసుకోవచ్చు. అయితే పెద్దవాళ్లు ఊరికే ఉండరు. "పన్నులు తోముకున్నా" అంటే "పళ్లు తోముకున్నావా, ఏదీ చూపించు" అంటారు. అది దిద్దడం కాదు, బదులివ్వడం. సరైన రూపం అందులోనే కలిసి అందుతుంది.

అలవాటు వల్లే భాష వస్తుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో రాస్తే, 1959లో భాషావేత్త నోమ్ చోమ్‌స్కీ దాన్ని చీల్చి చెండాడి, వ్యాకరణానికి మూలం పుట్టుకతోనే ఉంటుందన్నాడు. ఆ తగువు ఇంకా తేలలేదు. విన్న వాక్యాల నుంచే నమూనాలు కట్టుకుంటారని మైకేల్ టొమసెల్లో లాంటివాళ్లు వాదిస్తారు. ఇంటి మనుషులకి ఈ తగువు ఎటు తేలినా పెద్దగా మారేది లేదు.

మారేది బదులిచ్చే దగ్గర. 2003లో మైకేల్ గోల్డ్‌స్టీన్ బృందం ఎనిమిది నెలల పిల్లల తల్లుల్లో ఒక గుంపుకి, బిడ్డ శబ్దం చేసిన వెంటనే నవ్వమని, తాకమని చెప్పింది. రెండో గుంపు తల్లులు అంతే నవ్వారు, అంతే తాకారు, కానీ బిడ్డ శబ్దంతో సంబంధం లేకుండా. మొదటి గుంపు పిల్లల కూతలు ఆ కాసేపట్లోనే మాటలకి దగ్గరగా మారాయి. కథ చెబుతుంటే ఊఁ కొట్టమంటాం కదా, ఇక్కడ పిల్ల కథ చెబుతోంది, ఊఁ కొట్టాల్సింది పెద్దవాళ్లు. అదే ఏడాది పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి పన్నెండు విడతల్లో చైనా మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనులు పట్టుబడ్డాయి. అదే మనిషి, అవే మాటలు టీవీలో వస్తే ఏమీ పట్టుబడలేదు. గిన్నె ఖాళీ కావడానికి ఫోన్‌లో పాటలు పెట్టే ఇళ్లు ఇప్పుడు ఎన్నో. అన్నం దిగుతుంది, భాష దిగదు. రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

విశాఖలో చాలా ఇళ్లకి పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. నేవీలోనో వాణిజ్య నౌకల్లోనో పనిచేసే నాన్న నెలల తరబడి ఇంట్లో ఉండడు, వీడియో కాల్‌లోనే కనపడతాడు. అదీ స్క్రీనే కదా అని టెన్షన్ పడనక్కర్లేదు. 2014లో రెండేళ్లు దాటిన పిల్లల మీద చేసిన పరిశీలనలో, వీడియో కాల్‌లో ఎదుటి మనిషి పిల్ల మాటకి స్పందిస్తూ నేర్పితే కొత్త మాటలు వచ్చాయి. ఇంకో పిల్ల కోసం చేసిన కాల్‌ని రికార్డు చేసి చూపిస్తే రాలేదు. అద్దం తెర అడ్డు కాదు, బదులు రాకపోవడమే అడ్డు. 2018లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మెదడు పనితీరు చూసినవాళ్లు కూడా, వినపడిన మాటల మొత్తం కంటే నువ్వొకటి-నేనొకటిగా సాగిన మాటల లెక్కే ముఖ్యమన్నారు.

దీన్ని మరీ సాగదీయకూడదు. బొలీవియాలో త్సిమానే తెగవాళ్లు నాలుగేళ్ల లోపు పిల్లలతో నేరుగా మాట్లాడేది పగటి గంటకి ఒక నిమిషం కూడా ఉండదని 2017లో లెక్క తేలింది. అక్కడి పిల్లలకీ భాష వస్తుంది. పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకునేది విని కూడా పిల్లలు చాలా లాక్కుంటారు. కాబట్టి బిడ్డతో రోజుకి ఇన్ని వేల మాటలు ఆడాలని లెక్కపెట్టుకునే తల్లి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

రెండు భాషల భయం విశాఖలో మామూలే. ఉక్కునగరంలో పక్కింట్లో ఒడియా, ఎదురింట్లో బెంగాలీ, ప్లే స్కూల్లో ఇంగ్లీషు. బుర్ర గందరగోళమై మాటలు ఆలస్యమవుతాయని ఇంటి భాషని వదిలేయమనే సలహాలు వస్తుంటాయి. పరిశోధనలు దీన్ని సమర్థించవు. ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువ ఉండొచ్చు, రెండూ కలిపి లెక్కేస్తే తక్కువేమీ కాదు. రెండేళ్ల పిల్ల కూడా ఎవరితో ఏ భాష అన్నది చాలావరకు చూసుకునే మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరికీ అలవాటులేని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అంటూ పొడి మాటలతో బిడ్డని పెంచడమే నష్టం, ఎందుకంటే అందులో కబుర్లు సాగవు. యాస మీద చిన్నచూపూ ఇలాంటిదే. పెదజాలరిపేట పిల్ల "ఏటి సెప్పావు?" అంటే అది వచ్చీరాని పలుకు కాదు, అమ్మ దగ్గర నేర్చిన అచ్చమైన ఉత్తరాంధ్ర తెలుగు. అదే పిల్ల రెండేళ్లప్పుడు "తెప్పు" అని ఉంటుంది. 'తెప్పు' నుంచి 'సెప్పు'కి చేరిందంటే నేర్చుకోవడం పూర్తయిందని అర్థం.

ఇక వస. ఈ దుంపలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంది. ఎలుకల్లో క్యాన్సర్ కారకంగా తేలడంతో ఆహారంలో వసని వాడకుండా 1968లో అమెరికా నిషేధించింది. ఏడాది లోపు బిడ్డకి తేనె కూడా ప్రమాదమే, అందులో ఉండగల బాక్టీరియా వల్ల బాట్యులిజం అనే జబ్బు రావచ్చు. అసలు నష్టం ఇంకోటి: వస పోశాం, నెమ్మదిగా వస్తాయిలే అని ఎదురుచూడటం. "వాళ్ల నాన్నకీ ఆలస్యమే", "మగపిల్లాడు కదా" అన్న మాటలూ అదే పని చేస్తాయి. మగపిల్లలు సగటున కాస్త వెనకబడతారన్నది నిజమే, తేడా మాత్రం చిన్నది. ఏడాది నిండినా వేలుపెట్టి దేన్నీ చూపించకపోవడం, 16 నెలలకి ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లు నిండినా "అమ్మ దా", "పాలు వద్దు" లాంటి రెండు మాటల జత లేకపోవడం, వచ్చిన మాటలు పోవడం – వీటిలో ఏది కనపడినా డాక్టరుకి చూపించాలి. ముందు చూడాల్సింది నాలిక కాదు, చెవి. పుట్టు చెవుడున్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా కొడతారు కాబట్టి ఇంట్లో అనుమానం రాదు. చప్పట్లు కొట్టి, గిన్నె మోగించి చూసే పరీక్ష నమ్మదగ్గది కాదు, గాలి కదలికకో నీడకో బిడ్డ తిరగవచ్చు. ఆసుపత్రిలో చేసే పరీక్షలో చెవిలో చిన్న గొట్టం పెట్టి, మెత్తని శబ్దం పంపి, లోపలి చెవి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని కొలుస్తారు. నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల పని. పాప నిద్రపోతుంటే ఇంకా మంచిది.